మూడో బంతిలో ఆగిన ప్రోగ్రామ్

వెంకటకృష్ణారావు కూతురి పెళ్లి పామర్రులో జరిగింది. ఆయనకు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. అక్కడ వినీల రాసిన ప్రోగ్రామ్ రొయ్యల చెరువులను కనిపెట్టుకుని ఉంటుంది. చెరువులోని మీటరు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ప్రోగ్రామ్ దాన్ని ఆ చెరువు ఫైలులో రాసుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోను మోగుతుంది, ఆయన నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేయిస్తాడు. వేయించకపోతే రొయ్యలు చచ్చి తేలతాయి.

ఆ పొద్దున మబ్బు పట్టింది. మబ్బు పడితే ఆక్సిజన్ పడిపోతుందని రైతులు చెరువుగట్టు వదలడానికి వెనకాడారు. మీరొచ్చి భోంచేయండి, చెరువుల సంగతి మా ప్రోగ్రామ్ చూసుకుంటుందని వెంకటకృష్ణారావు అందరికీ ఫోన్లు చేశాడు. మీటరు కొని కూడా ఇంకా ప్రోగ్రామ్‌లో చేరని రైతులందరినీ చేర్చేయమని ఆఫీసుకు చెప్పాడు. పిలుపుల దగ్గర ఆయన లెక్క చూసుకునే మనిషి కాదు.

వినీలకు మూడో బంతిలో చోటు దొరికింది. ఆమె కుర్చీ వెనక వెంకటకృష్ణారావు మేనత్త రత్తమ్మ వచ్చి నిలబడింది. హాలులో తినేవాళ్లెందరో, వాళ్ల వెనక కుర్చీ పట్టుకుని నిలబడినవాళ్లూ అందరే.

పప్పులో నెయ్యి పడింది. ఆఫీసు నుంచి యేసుకుమార్ ఫోన్ చేశాడు. ప్రోగ్రామ్ ఆగిపోయిందట, మళ్లీ నడిపితే కాసేపటికే ఆగుతోందట. తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయని చూపిస్తోందట.

వినీలకు తప్పు తెలిసింది. చెరువు మొదటిసారి పలకగానే ఫైలు తెరవమని రాసింది. మూయమని ఎక్కడా రాయలేదు. ఒక ప్రోగ్రామ్ ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్లకు సర్వర్లో హద్దు ఉంది. ఆ హద్దు ఇవాళ్టి దాకా తగల్లేదు. ఇవాళ కొత్త రైతులందరూ చేరేసరికి తగిలింది. పెంచమంటే సర్వరు అద్దెకిచ్చినవాళ్లు కుదరదన్నారని యేసుకుమార్ చెప్పాడు.

ఆమె విస్తరి పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచింది.

“తింటావా, లేస్తావా అమ్మాయ్?” అంది రత్తమ్మ.

“రెండూ కాదండీ మామ్మగారూ. మా ప్రోగ్రామ్‌లో కూడా కుర్చీలు చాల్లేదు.”

“మరేం చేస్తావ్?”

“చాలాసేపటి నుంచి ఏమీ అడగనివాళ్లని లేపేస్తానండీ. మళ్లీ అడిగితే ఇంకొకళ్లని లేపి కూర్చోబెడతాను.”

రత్తమ్మ ఎదుటి వరుస కేసి చూసింది. “అయితే ముందు ఆయన్ని లేపు. పులిహోర దగ్గర్నుంచి ఏమీ అడగలా. కబుర్లకి కూర్చున్నాడు.”

వినీల నవ్వుతూనే టైపు చేసింది. మూసిన ఫైలు మళ్లీ తెరిచినప్పుడు పాత లెక్కల కింద రాయాలి. తుడిచి మొదటి నుంచి రాస్తే అంతా పోతుంది. అది మాత్రం రెండోసారి చూసుకుని పంపింది.

ప్రోగ్రామ్ నడిచింది. ఈసారి ఆగలేదు.

ఎదుటి వరుసలో గంగరాజు అనే రైతు ఫోను మోగింది. చూసి, గారె చేత్తో పట్టుకునే బయటికి పరుగెత్తాడు. “రాంబాబూ, ఏరియేటర్లన్నీ వెయ్యి. మేత ఆపు,” అని ఆయన అరవడం కిటికీలోంచి వినిపించింది. ఆ వెనక ఇంకో రెండు ఫోన్లు మోగాయి, ఇద్దరు లేచారు. వడ్డించేవాళ్లు పెరుగు బకెట్లతో పక్కకు తప్పుకున్నారు. వినీల గంగరాజు చెరువు ఫైలు మీదే కళ్లు పెట్టింది. పడిపోతున్న అంకె ఆగింది. మెల్లగా పెరిగింది.

గంగరాజు నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు. గారె ఇంకా చేతిలోనే ఉంది. ఆయన కుర్చీలో రత్తమ్మ ఉంది, ముందు కొత్త విస్తరి ఉంది.

“నా కుర్చీ అండీ,” అన్నాడు.

“లేచావుగా.”

వినీల లాప్‌టాప్ మూసి తన కుర్చీ గంగరాజుకిచ్చింది. పప్పన్నం కలపనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. వెళ్లి రత్తమ్మ కుర్చీ పట్టుకుని నిలబడింది.

రత్తమ్మ తల తిప్పి చూసి, వడ్డించేవాణ్ణి పిలిచింది. “బాబూ, ఇటు రెండు గారెలు. ఆవకాయ కూడా. వెళ్లిపోకు, ఇక్కడే ఉండు. నేను అడుగుతూనే ఉంటాను, ఈ పిల్ల నన్నెట్టా లేపుతుందో చూస్తా.”