మేజర్ రుద్ర చూపు

ఇస్తారి ఆ పొద్దున నూటపదకొండో మగ్గు చెవి గీకుతున్నాడు. అచ్చులోంచి వేడివేడిగా ఊడిపడ్డ ప్లాస్టిక్ మగ్గుకు పిడి అంచున సన్నటి పొర మిగిలిపోతుంది. దాన్ని బ్లేడుతో గీకి, బొటనవేలితో తడిమి, గోనెసంచిలో వేయాలి. మేడ్చల్‌లోని ఆ ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా అతని పని అదే. అంతకుముందు అతను వేసినవి కళ్లు, బొమ్మల కళ్లు. ఉండేది కండ్లకోయలో, చేసేది కండ్ల పని కాబట్టి తోటివాళ్లు కండ్ల ఇస్తారి అనేవాళ్లు. కళ్ల మీంచి చెవుల మీదికి దిగాక ఆ పేరు కూడా రాలిపోయింది. పేరులో తప్ప ‘ఇస్తారు’ అన్న మాట అతని బతుకులో ఎక్కడా వినపడింది లేదు.

యాభై రెండేళ్ల సన్నటి మనిషి. మెడ ఎప్పుడూ కాస్త కుడికి తిరిగి ఉంటుంది, ఎవరో పిలిస్తే అటు చూసి మళ్లీ ఇటు తిరగడం మరిచిపోయినట్టు. బ్రష్ మొన సన్నబడడానికి పెదాల మధ్య తిప్పీ తిప్పీ కింది పెదవి నడుమ నల్లటి చుక్క నిలిచిపోయింది. పళ్లపొడి మార్చినా, పెదవి తోమినా అది పోలేదు.

సూపర్‌వైజర్ సుధాకర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. “ఇస్తారన్నా, మగ్గులు పక్కకు వెట్టు. జల్దీ చేతులు కడుక్కొని రా. బొమ్మల సార్లొచ్చిన్రు.”

పది రోజులుగా ఎదురుచూస్తున్న పిలుపే. ఎనభై ఎనిమిది నుంచి తొంభై ఆరు దాకా ఆ ఫ్యాక్టరీ మేజర్ రుద్ర అనే సైనికుడి బొమ్మను తయారుచేసింది. నాలుగంగుళాల మనిషి, పచ్చటి బట్టలు, విప్పి తొడగగలిగే హెల్మెట్, చేతిలో తుపాకి. తర్వాత పిల్లలకు బొమ్మల మీద మనసు పోయి, ఫ్యాక్టరీ యజమాని శేటుకు మగ్గుల మీద మనసు పడింది. ఇప్పుడు రెండువేల ఏడులో ఆనాటి పిల్లలు ఉద్యోగస్తులై, ఇంటర్నెట్‌లో గుంపు కట్టి, పాత మేజర్ కోసం కొట్టుకుంటున్నారని శేటుకు తెలిసింది. పాత అచ్చు, పాత అట్ట, కొత్త ధర. పదివేల బొమ్మలు వదిలే ముందు గుంపులో పెద్దమనుషులిద్దరిని పిలిపించాడు, చూసి సరేననమని.

వాళ్లు సరేనంటే చేత్తో కళ్లు వేసే బల్ల మళ్లీ వేస్తారు. దానికి ఇస్తారే పెద్ద. వద్దంటే కళ్లు బయట మిషను మీద అద్దిస్తారు. మగ్గుల పని ఎలాగూ నెలాఖరుకు శామీర్‌పేట దగ్గరి కొత్త షెడ్డుకు పోతోంది. అక్కడ గీకుడు కూడా మిషనే గీకుతుంది. అంటే ఈ భూమ్మీద ఇస్తారికి మిగిలిన ఆధారం మేజర్ రుద్ర రెండు కళ్లు.

భార్య ఇందిరమ్మ పెట్టెలోంచి ఇస్త్రీ అంగీ తీసి ఇచ్చిందీ అందుకే. “ఇగ నీకు రెండు కండ్లు మంచిగున్నయి గదా. ఏం పరేషాన్ గాకు,” అన్నది.

ఆ సంగతి తెలిసింది ఆమె ఒక్కతికే. ఇస్తారి మొదట అచ్చుల షెడ్డులో ఉండేవాడు. అచ్చుల పని అతనికి అచ్చిరాలేదు. ఎనభై ఏడులో ఒక ముక్క ఎగిరి కుడి కంట్లో తగిలింది. మొదట ఎర్రబడింది, తర్వాత మెల్లగా తెల్లటి పొర కమ్మింది. చెబితే పంపించేస్తారని వేడి పడట్లేదని సాకు చెప్పి రంగుల బల్లకు మారాడు. ఒంటి కన్నుతో బొమ్మకు రెండేసి కళ్లు, రోజుకు రెండొందల బొమ్మలు, ఎనిమిదేళ్లు. కంట్లో పొర ఉన్నా పనిలో పొరపాటు రానివ్వలేదని అతని ధీమా. రెండేళ్ల కింద మేడ్చల్‌లో ఉచిత శిబిరం పెడితే ఇందిరమ్మ లాక్కుపోయి ఆపరేషన్ చేయించింది. కట్టు విప్పిన రోజు ఆమెను తేరిపార చూసి, ఎప్పుడు ముసలిదానివైనవే అని అడిగాడు. ఆమె వారం రోజులు మాట్లాడలేదు.

ఆఫీసు గదిలో బల్ల మీద దూది పరిచిన మిఠాయి డబ్బా ఉంది. దూది మీద ఆరుగురు పాత మేజర్లు, ఆస్పత్రిలో పడకేసినట్టు. తుర్కపల్లి ల్యాబ్‌లో పనిచేసే కాకినాడ మనిషి చక్రపాణి ఒక పక్క, శామీర్‌పేటలో ప్లాట్లు అమ్మే మధుసూదన్ ఇంకో పక్క కూర్చున్నారు. ఇద్దరికీ ముప్పై దాటలేదు. వాదన మాత్రం ముసలివాళ్లదిలా ఉంది. అట్ట మీద ఆనాటి ధర ఉంచాలా, దాని మీద స్టిక్కర్ వేయాలా అని అరగంట. నడుము లోపలి రబ్బరు నల్లదా తెల్లదా అని పావుగంట. మనిషి మేజర్, తగాదాలన్నీ మైనర్. మోచేయి వంగేలా చేయమని మధుసూదన్ అన్నాడు. పాతదాన్ని అచ్చంగా దించితే రేపు ప్రతి దొంగా దీన్నే పాతదని అమ్ముతాడన్నాడు. వంగకపోవడమే మేజర్ గొప్పతనమని చక్రపాణి. వంగితే అది మేజర్ కాదు, గుమాస్తా.

ఒక్క దాంట్లో ఇద్దరూ కలిశారు. పాత మేజర్లందరి చూపూ ఒక పక్కకు ఉంటుంది, ఫ్యాక్టరీ కొత్త నమూనా సూటిగా చూస్తోంది. అది రంగు జారిన తప్పని మధుసూదన్ అంటాడు, అయినా ఆ తప్పే కావాలంటాడు. చక్రపాణి ఒప్పుకోడు.

“తప్పేంటండీ. అది దాహినే దేఖ్. పరేడ్‌లో సెల్యూట్ చేస్తూ కుడివైపు చూస్తారే, అదీ. ఎవడో మహానుభావుడు ఆలోచించి వేశాడు.”

ఇస్తారికి సగమే అర్థమైంది. సుధాకర్ వేసి చూపమంటే కూర్చొని బొమ్మను చెక్క పట్టులో బిగించాడు. ముందు రెండు కళ్లకూ తెలుపు. ఆరాక నలుపు. పదకొండేళ్ల తర్వాత కూడా చేతికి పని గుర్తుంది. పెదాల మధ్య మొన తిప్పి, ఊపిరి బిగబట్టి, చుక్క పెట్టి, వదిలాడు. మూడు బొమ్మలు చేశాడు. చక్కగా, నడిమధ్యన, సూటిగా. అతనికే ముచ్చటేసింది.

చక్రపాణి డబ్బాలోంచి ఒక పాతదాన్ని తీసి వాటి పక్కన పెట్టాడు.

పాత మేజర్‌ను ఇస్తారి రెండు కళ్లతో చూడడం అదే మొదటిసారి. వంగి చూశాడు. మెడ ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. డబ్బాలో ఉన్న మిగతా ఐదుగురినీ చూశాడు. అందరూ ఒక పక్కకే చూస్తున్నారు. తను కూర్చున్న చోట, తన ఎడమ కన్ను ఉండే చోటికి. ఎనిమిదేళ్లు ఆ బల్ల దగ్గర తనకున్న ఒకే ఒక్క కంట్లోకి లక్షల మంది సూటిగా చూశారు. మిగతా లోకానికి అది వంకర చూపు.

అయితే వంకరగానే వేస్తానని ఇంకో బొమ్మ తీసుకున్నాడు. నల్లచుక్క మరీ పక్కకు పోయి మేజర్ దొంగలా తయారయ్యాడు. ఐదోదానికి కుడి కన్ను మూసుకున్నాడు. కన్ను మూసుకుంది గానీ, చేతికి దారి తెలిసిపోయింది. చుక్క తెలిసి తప్పిన చుక్కలా వచ్చింది. మధుసూదన్ భూతద్దం పెట్టి చూసి, ఇది నకలని తేల్చాడు.

“ఆ చూపు అలా వేయమని అప్పుడు ఎవరు చెప్పారండీ?” అని చక్రపాణి మెల్లగా అడిగాడు.

ఇస్తారి తలెత్తాడు. ఇరవై ఏళ్లు దాచిన మాట. ఇప్పుడు అది తప్ప చేతిలో ఇంకేం లేదు. “ఎవరు జెప్పలె సారు. గప్పుడు నాకు కుడి కన్ను కనవడకపోతుండె. నేను సక్కగనే ఏస్తున్న అనుకున్న.”

ఇద్దరూ అతని కళ్లలోకి చూశారు. రెండూ తేటగా మెరుస్తున్నాయి. సుధాకర్ నేల చూశాడు. అతను ఫ్యాక్టరీలో చేరి ఐదేళ్లే, సాక్ష్యం చెప్పడానికి ఏమీ లేదు.

ఆ మనిషి ఈయన కాదని చక్రపాణి ఇంగ్లీషులో అన్నాడు. అసలు వేసినవాడైతే అది దాహినే దేఖ్ అని తెలియకుండా ఉంటుందా అన్నాడు. ఆ రోజంతటికీ మధుసూదన్ మొదటిసారి తలూపాడు. పాత బొమ్మ ముఖాన్ని ఫోటో తీసి, ఆ చూపును మిషను మీద అద్దితే చాలని ఇద్దరూ తీర్మానించి, పాత మేజర్లను దూదిలో పడుకోబెట్టి, శేటు గదిలోకి టీకి వెళ్లారు.

ఇస్తారి ఆరో బొమ్మను పట్టులో బిగించి తెలుపు వేశాడు. ఎవరూ వేయమనలేదు. ఆరిందాకా ఆగి, నలుపు ముంచి ఒక కంటికి చుక్క పెట్టాడు. అప్పుడు సుధాకర్ తలుపు దగ్గర నిలబడి, ఇగ చాలన్నా, అన్నాడు. అసలు మాట కూడా చెప్పాడు. “శేటు రేపటి సంది రావద్దంటుండు. ఒక్క కన్నుతోని పని జేసి ఇన్నొద్దులు మోసం జేసిండు అంటుండు.”

“నమ్మిండా మరి?”

“గదొక్కటి నమ్మిండు.”

ఇస్తారి తలాడించాడు. లేచాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కొని, అంగీకి తుడుచుకొని, గేటు దాటి, మేడ్చల్ రోడ్డు మీద కండ్లకోయ వైపు వెళ్లే ఆటో ఎక్కాడు. మెడ కుడికి తిప్పుకునే కూర్చున్నాడు.

కాసేపటికి గది ఊడవడానికి వచ్చిన మనిషి బల్ల మీది ఏ వస్తువునూ కదిలించలేదు. చెక్క పట్టులో ఆరో మేజర్ నిలబడే ఉన్నాడు, ఒక కన్ను నల్లగా, తడిగా, సూటిగా, రెండోది ఉత్త తెల్లగా.