గోపాలరావుగారి ఒంటివరుస చేప

రవ్వచేప నోట్లో వేలు పెట్టి తడిమి చూడండి, ఒక్క పన్ను తగిలితే ఒట్టు! పళ్ళన్నీ గొంతులో ఉంటాయి. మొప్పల వెనక చివరి ఎముక కోట్ల ఏళ్ళకు దవడగా మారి, ఒక్కో పక్క మూడేసి వరుసల పళ్ళు మొలిపించుకుంది. ఈ సంగతి ఉప్పల్‌లో చేపల సైంటిస్టు గోపాలరావుగారికి తెలుసు, నాచారం సంతలో చేపలు కోసే తారామణికీ తెలుసు. ఆమెకు తెలుసని మాత్రం ఆయనకు తెలియదు.

రిటైర్మెంటు ఆర్నెల్లలో ఉంది. ఈలోగా ప్రమోషన్ రాకపోతే, తన దగ్గరే పాఠాలు నేర్చుకున్న మురళీధర్‌కు నమస్కారాలు పెడుతూ ఇంటికి పోవాలి. ఖర్మ కాకపోతే, ఆ మురళీధరే ఇప్పుడు ప్రమోషన్ కమిటీ చైర్మన్! అందుకే గోపాలరావుగారు కొత్త జాతి చేపను కనిపెట్టారు.

చెరువులో దిగితే ప్యాంటు తడుస్తుంది. కాబట్టి ప్రతి ఆదివారం తారామణి దగ్గర నాచారం చెరువు రవ్వ తలకాయలు కొనేవారు. భార్య సూర్యకళ పులుసు పెట్టేది. తిన్నాక గొంతు ఎముకలు కడిగి డబ్బాలో దాచేవారు. శాస్త్రానికి శాస్త్రం, పులుసుకు పులుసు. నలభై తలకాయల్లోనూ ఒకటే వరుస! చెరువులో మేతగా వేసే తవుడు తిని తిని, నమిలే పనిలేక, ముప్పై ఏళ్ళలో రెండు వరుసలు మాయమయ్యాయని వ్యాసం రాసి, చేపకు తన పేరే పెట్టుకున్నారు. సిగ్గూ శరమూ ఉండక్కర్లా?

"మా కళ్ళముందు ఒకటి కోయించండి సార్" అన్నాడు మురళీధర్. కమిటీ మొత్తం జీపెక్కి నాచారం సంతకు వచ్చింది. గోపాలరావుగారు మీసం దువ్వుతూనే ఉన్నారు.

తారామణి రవ్వ తల కోసి, మొప్పలు పీకి, సారును చూసి నవ్వి, కత్తి మొనతో గొంతులో గరగరా గీకింది. చిన్న పళ్ళు జలజలా రాలాయి.

"ఏయ్, ఏం చేస్తున్నావ్!" గోపాలరావుగారు కేకేశారు.

"ఎప్పుడు జేసేదే గద సారూ! బయటి రెండు వరుసలు తీస్తున్న. లోపలిది మస్తు గట్టిది, రాదు."

"ఎవరు తియ్యమన్నారు నిన్ను?"

"మీ ఇంట్ల అమ్మనే. సారు సూడకుండ మింగుతడు, గొంతుల గుచ్చుకుంటయి, జర సాఫ్ జెయ్యమన్నది."

ఆయన మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. కమిటీలో ఎవరూ ఆయనవైపు చూడలేదు.

మురళీధర్ బుట్టలోని పెద్ద రవ్వను చూపించాడు. "అది ఇంటికి తీసుకెళ్తాను. కొయ్యమ్మా, మాకు మాత్రం పళ్ళు ఉంచు."