మూత దిగిన చప్పుడు

"ఊరగాయైనా జామైనా చెడిందంటే అది చేతి గుణమే" అంది వెంకటరత్నమ్మ, పుల్లవాసన కొడుతున్న సీసాను కోడలి ముక్కు దగ్గర పెట్టి. "మేయ్ ప్రసన్నా, దూరముండే దినాల్లో యాడో చెయ్యి పెట్టింటావు. లేకుంటే యాల పొంగుతాది?"

పాల కేంద్రానికి బయల్దేరిన గంగాధర్ చెప్పులేసుకుంటూ నవ్వాడు. "మా యమ్మ మామిడికాయ ఏడాదైనా చెక్కు చెదరదు. నీ టమాటా జాము వారం నిలవలేదు. కుప్పం బేకరీ శంకరప్ప ఏమన్నాడు? ఈ తూరి మూతలు లేస్తే ఇంక తేవద్దన్నాడు."

ప్రసన్నలక్ష్మి అత్త చేతిలోని సీసా అందుకుని మూత పెట్టింది. పోయినేడు మదనపల్లెలో ఆడవాళ్లకు జాము చెయ్యడం నేర్పుతుంటే పుంగనూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి నేర్చుకుంది. చేను మొగుడి పేరున ఉంది. పాలు పిండేది తనే అయినా కేంద్రంలో పేరు మొగుడిదే. వంట ఎవరి పేరునా లేదు. ఫలానా ప్రసన్నలక్ష్మి చేసిందని ఊరు దాటి పోయేది ఈ జాము ఒక్కటే. బేకరీ పోతే అదీ పోతుంది.

ఆ మధ్యాహ్నం అత్త చుట్టాల పెళ్లికని బి.కొత్తకోట బస్సెక్కింది. ప్రసన్నలక్ష్మి చెడిన సీసాలు కడగడానికి కూర్చుంది. వేడి జాము పోసి మూత బిగిస్తే, చల్లారేకొద్దీ మూత నడిమిభాగం టక్కుమని లోపలికి దిగాలి. దిగితే లోపలికి గాలి చొరబడలేదని గుర్తు. తనవి దిగడం లేదు. మూతలు కొత్తవే. జాము పొగలు కక్కుతుండగానే పోసింది. సీసాల అంచులు పెచ్చులూడలేదు. మరేమిటి? ఆలోచిస్తూ సీసా మూతి చుట్టూ వేలు తిప్పింది. వేలు జారింది. శనక్కాయ నూనె! జాడీ అంచుకు నూనెగుడ్డ తిప్పకుంటే బూజు పడుతుందని కాపురానికొచ్చిన కొత్తలో అత్త నేర్పింది. జాము సీసాలకూ అదే చేస్తూ వచ్చింది. ఊరగాయను ఉప్పూ నూనే కాస్తాయి, మూత ఈగలు పడకుండా ఉంటే చాలు. జాముకు మూతే కాపలా. మూతలోపలి రబ్బరు గాజును పట్టుకోవాలి. నూనె మీద ఎట్లా పట్టుకుంటుంది? ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు.

మరుసటి పొద్దున ముట్టయింది. ఆ మూడు దినాలూ వంటింటి గడప తొక్కకూడదు. పేడ ఎత్తొచ్చు, కట్టెలు కొట్టొచ్చు, ఇంటిల్లిపాది గుడ్డలు ఉతకొచ్చు. మామూలుగా అయితే వరండాలో చాప పరుచుకునేది. ఆ పొద్దు గంగాధర్ గేటు దాటగానే నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. తప్పు చేతిదో నూనెదో తేలాలంటే ఇంతకన్నా మంచి దినం దొరకదు.

సీసాల మూతులు వేడినీళ్లతో, సబ్బుతో కడిగి ఆరబెట్టింది. ఒక్కదానికి మాత్రం కావాలనే నూనెగుడ్డ తిప్పింది. జాము పోసి, మూతలు బిగించి, ఎదురుగా పీట వేసుకుంది.

టక్.

ఆమె లేచి నిలబడింది. మళ్లీ టక్. కాసేపటికి ఇంకోటి. ఒక్కో చప్పుడుకూ ఆమె చప్పట్లు కొట్టింది. నూనె సీసా తప్ప అన్నీ దిగాయి.

మర్నాడు సాయంత్రం వెంకటరత్నమ్మ వచ్చింది. మూతలు ఒక్కొక్కటే నొక్కి చూసింది. ఒకటి వేలి కింద టిక్కుటిక్కుమని ఆడింది.

"ఇదొక్కటి దిగలేదే?"

"దానికి నూనె పూసినా అత్తా. తక్కినవాటికి పూయలేదు."

"నూనేం చేస్తాదిలే" అంటూ వెంకటరత్నమ్మ మరో సీసా మూత తిప్పింది. బలంగా తిప్పితే గానీ అది తెరుచుకోలేదు. చెంచాతో తీసి నోట్లో పెట్టుకుంది, ఇంకో చెంచా తీసుకుంది. "బాగుండాది మే. ఈ తూరి శుద్ధిగా చేసినావు, అందుకే మూతలు దిగినాయి."

అవునంటే సరిపోయేది. సీసాలు కుప్పం పోయేవి, ఇల్లు చల్లగా ఉండేది. ప్రసన్నలక్ష్మి టమాటా బుట్ట ముందుకు లాక్కుని మెత్తటి కాయలు ఏరసాగింది.

"నిన్న పొద్దున ముట్టయినా అత్తా. అయినాకే చేసినా, ఈ వంటింట్లోనే. రేపు మూడో దినం. ఈ బుట్ట కూడా రేపే చేస్తా."