ఇరవై రెండు తట్టల పిండి

తోర్‌పెకైకి భయపడటం ఇంటిపనుల్లో ఒకటి. పొద్దున్నే ఆవుకి గడ్డి వేయడం, వాకిలి ఊడవడం, భయపడటం. భర్త లారీ తీసుకుని గజనీ వెళ్తే దారిలో బాంబు పాతిపెట్టి ఉంటారని భయం. హెలికాప్టరు తిరిగితే భయం, రెండు రోజులు తిరగకపోతే ఇంకేదో పెద్దది రాబోతోందని భయం. పదేళ్ల కూతురు వగ్మా రెండుసార్లు దగ్గితే క్షయ అనుకుని ఏడ్చేది. అలాంటి మనిషి పెరట్లోనే దొంగబడి నడుస్తోందంటే, ఆ పుణ్యమంతా ఆడపడుచు నగీనాది.

నగీనా పెషావరు శరణార్థుల శిబిరంలో పన్నెండు తరగతులు చదివి వచ్చింది. వచ్చిన వారానికే ఆమె కన్ను వదినగారి తందూరు కొట్టం మీద పడింది. తొమ్మిది ఇళ్లకీ అదే తందూరు. ఆడవాళ్లు రొట్టెలు కాల్చేచోటికి మగవాడన్నవాడు తొంగిచూడడు. కొండల్లోంచి తుపాకులతో దిగేవాళ్లు కూడా గుమ్మం బయట దగ్గి, తలవంచుకుని పోతారు.

"ఇంతకంటే మంచి బడి కాబూల్లో కూడా లేదు వదినా," అంది నగీనా.

"ఇంతకంటే మంచి సమాధి కూడా ఉండదు," అంది తోర్‌పెకై. కానీ వగ్మా చదవాలి. తను మూడో తరగతిలో ఉండగా బడి మూతపడింది. కూడికలు వచ్చాయి, తీసివేతలు సగంలో ఆగిపోయాయి. కూతురికైనా తీసివేతలు పూర్తిగా రావాలి కదా అనుకుంది. దానితో ఒప్పుకుంది.

రోజూ ఎండ గోడ దిగేవేళకి ఇరవై రెండు మంది ఆడపిల్లలు నెత్తిన పిండి తట్టలు పెట్టుకుని వచ్చేవాళ్లు. తట్టలో అడుగున పలక, దానిమీద పుస్తకం, ఆపైన గుడ్డ ఉబ్బెత్తుగా కనబడటానికి గుప్పెడు పిండి. ఆడపిల్లలకి చదువు చెప్పిన ఇల్లు తగలబెడతామని కొండల్లోవాళ్లు మసీదు తలుపుకి కాగితం అంటించి ఆరు నెలలైంది. అవతలి ఊళ్లో విదేశీ సైనికులు ఆడపిల్లల కోసం నీలం కప్పు వేసి బడి కట్టించారు, సంచులు పంచారు, ఫొటోలు తీసుకున్నారు. పదో రోజుకి నీలం కప్పు నల్లగా మాడింది. అందుకే తోర్‌పెకై ఒక నియమం పెట్టుకుంది. తగలబెట్టేవాళ్లకి తెలియకూడదు, కట్టించేవాళ్లకీ తెలియకూడదు.

నగీనా మగవాళ్ల కళ్ల గురించి ఆలోచించింది. ఆకాశంలో కన్ను గురించి ఆలోచించలేదు.

సైనికుల శిబిరం మీద తాడు కట్టిన తెల్లటి బెలూను ఒకటి ఎగురుతూ ఉంటుంది. దానికి కళ్లున్నాయని అందరికీ తెలుసు. అది తట్టలు లెక్కపెట్టింది.

ఒకరోజు పాఠం మధ్యలో వీధిలో బూట్ల చప్పుడయింది. తోర్‌పెకై తలుపు సందులోంచి చూసింది. ఎనిమిది మంది సైనికులు, ఎర్రమొహం అధికారి, దుబాసీ, వాళ్లతో ఊరి పెద్ద మలిక్ బాజ్‌గుల్. ఆ దుబాసీ ఎవరో గాని, రహస్యం చెప్పినా మూడు వీధులకి వినబడే గొంతు.

"రోజూ ఈ ఇంట్లోకి ఇరవై రెండు తట్టల పిండి పోతోంది," అని గోడ అవతల నుంచి అరిచాడతను. "తట్టకి పది రొట్టెలు. రెండు వందల ఇరవై. ఈ వాడలో తొమ్మిది ఇళ్లు. మిగతా రొట్టెలు కొండల్లో ఎవరికి పంపుతున్నారని దొర అడుగుతున్నాడు."

"రెండు వందల ఇరవయ్యా," అన్నాడు మలిక్. "నాకు తెలియకుండానే?"

లోపల నగీనా నుదురు కొట్టుకుంది. కూడికలు, హెచ్చవేతలు నేర్పే మనిషి ఈ లెక్క వేసుకోలేదు.

"ఇంట్లో మగవాళ్లు లేరు కాకా," అంది తోర్‌పెకై తలుపు వెనకనుంచి.

"తెలుసమ్మా కోడలా. అందుకే వీళ్ల ఆడమనిషి లోపలికి వస్తుంది. వచ్చి చూసి పోతుంది, భయపడకు."

భయపడకు అనే మాట ఆమె జీవితంలో ఎవరు చెప్పినా పనిచెయ్యలేదు. వెనక్కి తిరిగేసరికి పిల్లలు పుస్తకాలూ పలకలూ అన్నీ చల్లారిన తందూరులోకి దించేశారు. ఇరవై రెండు పిండి ముద్దలు తట్టల్లో కోడిగుడ్లంత ఉన్నాయి.

హెల్మెట్ కింద పసుప్పచ్చ జడతో సైనికురాలు లోపలికి వచ్చింది. తట్టలు చూసింది, ముద్దలు చూసింది. తందూరు అంచు మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. వంగి లోపలికి చూసి, ఒక పుస్తకం పైకి తీసింది. మొదటి పేజీలో దానిమ్మపండు బొమ్మ, పక్కన అక్షరం.

ఆమె మొహం విప్పారింది. నోరు తెరిచింది. ఆ నోట్లోంచి వచ్చే మాట దుబాసీ గొంతులో పడుతుంది, ఆ గొంతులోంచి ఊరంతా పడుతుంది. తోర్‌పెకైకి ఏం చేస్తున్నదీ తెలియలేదు. సైనికురాలి నోటిమీద పిండి చెయ్యి అడ్డం పెట్టేసింది.

పెట్టాక, తుపాకి ఉన్న మనిషి నోరు మూశానని గుర్తొచ్చింది. చెయ్యి తీసి, గోడ వైపు చూపించింది. తర్వాత చెవి చూపించింది. తర్వాత తన మెడ మీద వేలు అడ్డంగా గీసి, వగ్మాని దగ్గరకి లాక్కుని, మళ్లీ గీసింది.

సైనికురాలు మూతికంటిన పిండి తుడుచుకుంది. పిల్లల వైపు చూసింది. పుస్తకాన్ని మెల్లగా మళ్లీ తందూరులోకి వదిలింది.

"తందూరులో ఏముందని దొర అడుగుతున్నాడు," అని దుబాసీ అరిచాడు.

సైనికురాలు తన భాషలో ఏదో చెప్పింది.

"రొట్టెలే ఉన్నాయట. ఇంకా కాలలేదట."

ఎవరో పిల్ల కిసుక్కుమంది. నగీనా దాని చెవి మెలిపెట్టింది.

"సరే, కాల్చి తీసుకురండి, చూస్తాం. అవి ఎక్కడికి పోతున్నాయో కూడా చెప్పండి," అన్నాడు దుబాసీ.

అబద్ధం ఆడితే నాలుక తెగిపడుతుందని చిన్నప్పుడు తోర్‌పెకైకి వాళ్లమ్మ చెప్పింది. "మొక్కుంది కాకా," అంది. "మా ఆయన లారీ క్షేమంగా తిరగాలని నలభై రోజులు రొట్టెలు పంచుతానని మొక్కుకున్నాను. దారినపోయే బీదాబిక్కికి ఇస్తున్నాం."

"నలభై రోజుల మొక్కా," అన్నాడు మలిక్. గొంతు మారింది. "మొక్కు రొట్టె ముందు ఇరుగుపొరుగు ఏడిళ్లకి పోవాలి గదా. మాది మూడో ఇల్లు. మా ఇంటికి ముక్క రాలేదేం?"

సైన్యం సంగతి దేవుడెరుగు, ఇప్పుడు ఊరి పెద్దకి కోపం వచ్చింది. "పొరపాటైంది కాకా. ఇవాళ్టినుంచి మొదట మీకే," అని కాళ్లావేళ్లా పడుతూ, ముందు గ్రీన్ టీ చేసి చాటుగా గడప బయట పెట్టింది. గుమ్మంలో నిలబడ్డవాడు ఎవరైనా సరే, టీ తాగకుండా పంపితే పరువు పోతుంది. తాగుతున్నంతసేపూ మలిక్ ఆ దొరని కదలనివ్వలేదు.

ఆ వ్యవధిలో పుస్తకాలు పైకొచ్చాయి, కట్టెలు లోపలికి పోయాయి. పిల్లలు కోడిపెట్టల్లా పుస్తకాల మీద పొదుగుతూ కూర్చున్నారు. ఒక్క సైనికురాలు మాత్రం నిలబడి, పొగకి కళ్లు నలుపుకుంటూ, ఎవరో అందించిన పిండిముద్దని అరచేతులతో చరుస్తోంది. రాలేదు. వగ్మా ఆమె చెయ్యి పట్టి నేర్పింది.

చివరికి పళ్లెం వీధిలోకి వెళ్లింది. ఇరవై రెండు రొట్టెలు, ఒక్కొక్కటీ పసిపిల్ల అరచేయంత.

"ఇవి రొట్టెలా, చొక్కా గుండీలా?" అన్నాడు మలిక్.

"మొక్కు రొట్టె కాకా. చిన్నగా చేస్తే ఎక్కువ మందికి వస్తాయి," అంది తలుపు వెనకనుంచి తోర్‌పెకై.

దొర ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దుబాసీ నవ్వాపుకోలేక గట్టిగా చెప్పాడు: "వీటితో కొండల్లో ఒక్కడికి కూడా కడుపు నిండదని దొర అంటున్నాడు." సైనికులు తలొకటీ నోట్లో వేసుకుని వెళ్లిపోయారు. పసుప్పచ్చ జడ వెనక్కి తిరిగి చూడలేదు. చూడనందుకు తోర్‌పెకై ఆమెకి పదేళ్ల ఆయుష్షు ఎక్కువ కోరుకుంది.

మలిక్ మాత్రం వెళ్లలేదు.

"కోడలమ్మా," అన్నాడు మెల్లగా, "మొక్కు ఎన్నో రోజు?"

"పదకొండో రోజు కాకా."

"నలభై ఒకటో రోజున ఏం చేస్తావు?"

"ఇంకో మొక్కు మొక్కుకుంటాను," అంది తోర్‌పెకై.

"ఈసారి పెద్దది మొక్కుకో. రెండేళ్లో, మూడేళ్లో." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "పైనుంచి లెక్కపెట్టేవాళ్లు వచ్చి అడిగారు. కొండమీంచి లెక్కపెట్టేవాళ్లు అడగరమ్మా. తట్ట లోపలికి పోతే పది రొట్టెలు బయటికి రావాలి. గుండీలు కాదు." రెండడుగులు వేసి ఆగాడు. "మా మనవరాళ్లు ఇద్దరున్నారు. పిండి కలపడం కూడా రాదు వెధవలకి. రేపట్నుంచి తట్టలిచ్చి పంపిస్తాను."

మర్నాటినుంచి తట్టలు నిజంగా బరువెక్కాయి. ఇరవై నాలుగు మందీ పిండి పిసుకుతూనే ఎక్కాలు చెప్పాలి, రొట్టె తిప్పుతూనే రాజధానుల పేర్లు చెప్పాలి. చేతులు పిండిలో ఉంటే పలక ఎవరు పడతారు? నగీనాకి అదీ అడ్డం కాలేదు. కాల్చేముందు రొట్టె మీద వేళ్లతో గీతలు గీయడం మామూలే కదా, గీతల బదులు అక్షరాలు గీయండి అంది.

మొదటి వాయి తందూరులోంచి వచ్చింది. తోర్‌పెకై ఏడిళ్లకి పంపాల్సిన రొట్టెలు గుడ్డలో చుడుతూ చూసుకుంది. పైన ఉన్నదాని మీద అక్షరం, ఎర్రగా కాలి, గుడ్డివాడికి కూడా తెలిసేలా. దాని కింద రొట్టె మీద ఇంకో అక్షరం. ఆ కింద ఒక కూడిక, జవాబు తప్పు.

"నగీనా, నీ చదువు నన్ను చంపేస్తుంది," అంది. రొట్టెలు మలిక్ ఇంటికి చేరాలి. దారిలో మసీదు ఉంది. రాసినవన్నీ ఏరి పక్కన పెట్టింది. అవతల పారేస్తే కుక్క నోట కరుచుకుని ఊరంతా తిరుగుతుంది. రొట్టెని కాల్చేస్తే పాపం. ఇక మిగిలింది ఒకటే దారి. ఆమె తందూరు పక్కన కూలబడి తినడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఒకటి నేను తిననా?" అంది వగ్మా.

"నువ్వు రాయి. నేను తింటాను."

నాలుగో రొట్టె మీద ఏదో పెద్ద మాట ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తోర్‌పెకై. వగ్మా చేతిరాత. ఎవరి ఇల్లో పేరు రాసి మరీ పట్టిచ్చే రొట్టె. వేడి చల్లారేదాకా కూడా ఆగకుండా, మిగతావాటికంటే ముందు దాన్ని తినేసింది. నమలడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.