అడిగితే ఐదున్నర

కూతురు భవ్యశ్రీ బడి పైజామా అంచు విప్పడం ఆ ఏడాది ప్రభావతికి మూడోసారి. లోపల మడిచిన గుడ్డ ఇక అంగుళం కూడా మిగల్లేదు. సూదికి దారం ఎక్కిస్తుంటే అత్తగారు మంచం మీద నుంచి తొంగిచూసి, రోజూ అనే మాటే అన్నది.

"ఇంకెంత పెరగనిస్తవే దాన్ని? పదో తరగతికే గిట్లుంటే, రేపు పక్కన నిలబడెటోన్ని యాడికెల్లి తెస్తవ్?"

పెరగనివ్వడం, ఆపడం తన చేతిలో ఉన్నట్టే! పాలు పొంగుతుంటే మంట తగ్గించినట్టు పిల్ల కింద కూడా తగ్గించాలి కాబోలు. ప్రభావతి సూది గుడ్డలోకి దించింది. ఆ ఇంట్లో ఎత్తు అనేది ఒక గుట్టు, దాని సంగతి ఆమెకు పెళ్లినాడే తెలిసింది.

ప్రభావతి ఐదడుగుల తొమ్మిది. సంబంధం మాట్లాడేటప్పుడు వాళ్ల నాన్న "ఐదున్నర" అన్నాడు. పెండ్లికొడుకు విశ్వేశ్వర్ ఐదడుగుల ఐదు. అతని వైపువాళ్లు "ఐదు ఎనిమిది" అన్నారు. పీటల మీద కూర్చున్నంత సేపు రెండు అబద్ధాలూ బాగానే సర్దుకున్నాయి. లేచి నిలబడ్డాకే చిక్కొచ్చింది. ఫొటోలు తీసేవాడు గడుసువాడు, ఒక పీట తెచ్చి పెండ్లికొడుకు కాళ్ల కింద వేసి, పెండ్లికూతురి పట్టుచీర కుచ్చిళ్లు దానికి అడ్డంగా పరిచాడు. ఆ ఫొటో ఇప్పటికీ పటాన్‌చెరు బజారులో వాళ్ల కిరాణా దుకాణంలో, గల్లా వెనక గోడ మీద ఉంది. అప్పటినుంచి ఆమె ఎక్కడ నిలబడినా ఒక మెట్టు కిందే నిలబడింది. చుట్టాలొస్తే మెడ వంచింది. పద్దెనిమిదేళ్లకు ఆ వంపు మెడలోనే ఉండిపోయింది. సాయంత్రమయ్యేసరికి నొప్పి. "ఎవ్వరికీ లేని నొప్పి నీకే ఎట్లొస్తదే?" అనేది అత్తగారు. ఆమె ఎత్తు ఆ ఇంటికి ఒక్క పనికే అక్కరకొచ్చింది, పైఅర మీది డబ్బాలు దించడానికి.

భవ్యశ్రీ కూడా తల్లి పోలికే. అందుకని ఎవరడిగినా ఐదున్నర అని చెప్పాలని ఇంట్లో కట్టుబాటు. పోయిన నెల బడిలో బాస్కెట్‌బాల్ నేర్పే పవన్‌కుమార్ సార్, రాష్ట్ర శిబిరం అర్జీ ఇంటికి పంపాడు. విశ్వేశ్వర్ చదవకుండా సంతకం పెట్టాడు. మిగతాదంతా ప్రభావతే నింపింది. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి, చీటీ పైన శ్రీ రాసినంత అలవాటుగా చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. అమ్మాయి ఐదు ఆరు. తల్లీ ఐదు ఆరే. తండ్రి ఐదు ఎనిమిది. అబద్ధం రాస్తున్నానని కూడా ఆమెకు తోచలేదు.

ఆ పొద్దున సార్ ఫోన్ చేశాడు. "అమ్మా, జాబితాల భవ్య పేరు లేదు. అర్జీలు మస్తొచ్చినయంట, ముందుగాల ఎత్తు సూసే తీసిన్రు. ఐదు ఆరని ఎట్ల పడ్డదమ్మా? పంపేముందు నేను గూడ సూడకపోతి. ఇయ్యాల నాలుగింటిలోపల సంగారెడ్డి మైదానానికి తీసుకరాండ్రి, మళ్ల కొలుస్తరు. మీ ఇద్దర్ల ఒకరు ఉండాలె. ఇయ్యాల దాటితే అయిపాయె."

గోడకు చేరబడి కూర్చున్న భవ్యశ్రీ ఏడవడం లేదు. బూట్ల లేసులు విప్పి మళ్లీ కడుతోంది.

విశ్వేశ్వర్‌కు చెబితే దుకాణంలోంచే అన్నాడు, "ఆడితే ఆడనియ్యి, నేను కాదన్ననా? గని సర్కారు కాగితం మీద ఐదు పదకొండని రాయిస్తవా? రేపు సంబంధమోళ్లు ఆ కాగితమే తెచ్చి మన ముంగట పెడ్తరు. అయినా నువ్వు వోతే అమ్మకు రొట్టెలెవరు జేస్తరు?"

రొట్టెలు పొద్దున్నే చేసి గంపలో పెట్టి ఉన్నాయి. ప్రభావతి ఆఖరి కుట్టు వేసి, దారం కొరికి, చెప్పులు తొడుక్కుంది.

బస్సు ఇస్నాపూర్ దాటాక చెప్పింది. "సార్ తప్పు కాదు బిడ్డా. నేనే రాసిన."

భవ్యశ్రీ ఆమె వైపు తిరిగింది. "ఎందుకమ్మా?"

ప్రభావతి "అలవాటైపోయింది" అన్నది. తన చెవికే అది ఎంత చిన్న మాటగా వినిపించిందో.

"నాకు ఆట వద్దనే రాసినవేమో. ఒక్కసారన్న సూడనీకి రాకపోతివి గద."

కంది ఊరు వచ్చేదాకా పిల్ల కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు. ప్రభావతి ఆమె చెయ్యి పట్టుకుంది, పిల్ల విడిపించుకోలేదు. అదే పదివేలు.

ఆ పిల్ల అన్నది నిజమే. రెండేళ్లుగా ఆమె ఆ ఆటను ఉతకడమే తప్ప చూసింది లేదు. మోకాళ్ల దగ్గర ఎర్రమన్ను, చంకల్లో ఉప్పు చారలు, ఒకసారి మోచేతి దగ్గర రక్తం. ఎనిమిదో తరగతిలో సార్ బంతి చేతికిచ్చాడని, బడి వెనక రింగు ఎవరో వెల్డింగ్ చేసే ఆయన ఊరికే బిగించి పోయాడని, నిరుడు జిల్లా ఫైనల్లో భవ్య ఒక్కతే ముప్పై ఒక్క పాయింట్లు చేసిందని విన్నది. విని, పప్పులో పోపు పెట్టుకుంది.

మైదానంలో శిబిరం చూసుకునే చంద్రిక మేడం అర్జీ చూసింది, పిల్లను చూసింది. "కొలుసుడు తర్వాత. ముందు ఆడనియ్యండి" అన్నది.

వంటింటి గుమ్మంలో మెడ వంచే పిల్ల, గీత లోపల కాలు పెట్టగానే వెన్ను విప్పుకుంది. "ఇటియ్యి! ఇటియ్యే!" అని అరిచింది. దుకాణంలోకి వినపడొద్దని ఇంట్లో గుసగుసలాడే గొంతు మైదానం అవతలి గోడకు తగిలి వచ్చింది. బంతి చేతికొచ్చేసరికి ఇద్దరు వీపు మీదికి వచ్చి పడ్డారు. భవ్య వెనక్కి చూడనే లేదు. ఎడమకు ఒరిగినట్టు ఒరిగి, కుడికి తిరిగి, లేచింది. పైన ఒక్క రవ్వ ఆగింది. తనతో ఎగిరినవాళ్లు దిగిపోతున్నారు, పిల్ల ఇంకా పైనే ఉంది. తీరిగ్గా, పైఅరలో డబ్బా పెట్టినట్టు, బంతిని రింగులో వేసి దిగింది.

ప్రభావతి తన కడుపున పుట్టిందని తెలిసినా, ఎవరో పెద్దమనిషి ఎదురైతే లేచి నిలబడినట్టు లేచి నిలబడింది. మళ్లీ లేచింది పిల్ల, మళ్లీ. ఒకసారి బంతి తప్పిపోతే నవ్వి, పరుగెత్తి, అవతలివాళ్ల చేతిలోంచి లాక్కుంది. ఇంతదాన్నా తను ఐదున్నరలోకి మడిచి కుట్టింది! కళ్లు తుడుచుకుంటే ఒక బంతి చూడకుండా పోతుందని తుడుచుకోలేదు.

తర్వాత గోడకు నిలబెట్టి కొలిచారు. ఐదు పదకొండు. పవన్‌కుమార్ సార్ ఊపిరి పీల్చుకున్నాడు. చంద్రిక మేడం పాత అంకె కొట్టేసి, "ఇంకా ఎంత పెరుగుతదో అంచనా కావాలె. తల్లిది ఐదు ఆరా? మీరట్ల లేరే. రాండ్రి" అన్నది.

ప్రభావతి చెప్పులు విడిచి గోడకు ఆనుకుంది.

"మెడ లేపండమ్మా. ఇంకా. ఇంకా జెర."

మెడలో ఎక్కడో ఎముక కదిలింది. నొప్పి పుట్టింది, ఆ వెంటనే హాయిగానూ ఉంది. ఎదురుగా చెట్ల కొనలు, వాటి మీద ఎండ కనిపించాయి.

"ఐదు తొమ్మిది" అన్నది మేడం.

భవ్యశ్రీ చేతిలోని నీళ్ల సీసా అట్లాగే ఆగిపోయింది. "అమ్మా! నువ్వు గింత పొడుగుంటవా?"

అప్పుడే ఫోన్ మోగింది. విశ్వేశ్వర్. "ఏమాయె? సార్‌తోటి చెప్పి జెర తక్కువ రాయించినవా?"

ప్రభావతి గోడ దగ్గర్నుంచి కదల్లేదు, మెడ దించలేదు. "దానిది ఐదు పదకొండు, నాది ఐదు తొమ్మిది. ఉన్నది ఉన్నట్టే రాయించిన. మేడం ఇప్పుడు మీది అడుగుతున్నది. నేల మీది ఎత్తు చెప్పాల్నా, పీట మీదిది చెప్పాల్నా?"