కరెంటు వీణ వాయించినదెవరు

మొదట ఒక రొద. గది మూలలో ఎక్కడో తుమ్మెద చిక్కుకున్నట్టు, గుమ్మని, సన్నగా. ఆ రొద సాగి, వంగి, నెమ్మదిగా షడ్జమై నిలుస్తుంది. ఆ తరువాతే చూడవచ్చినవారి కళ్లు నా మీద పడతాయి. పనసచెక్క పెట్టె, పైన ఒక ఉక్కుతీగ, లోపల గాజు వాల్వులు, చుట్టూ అద్దాల బీరువా. గోడకున్న బొత్తాం నొక్కితే వినిపించేది నేను కాదు. ఎన్నడో నా గొంతును పట్టి ఉంచిన టేపు.

నేను ఒక వాద్యాన్ని. నా పాదాల దగ్గరి అట్టముక్క మీద మాత్రం 'తనంతట తాను పాడే విద్యుత్ యంత్రం' అని రాసి ఉంది. ఇంత పచ్చి అబద్ధాన్ని ఇంత అందమైన అక్షరాలతో రాసిన మహానుభావులెవరో నాకు తెలియదు. తనంతట తాను మోగేది నాకు తెలిసి మనుషుల నోరొక్కటే.

నేను పుట్టింది బందరులో, వీరభద్రాచారి రేడియోలు బాగుచేసే కొట్టులో. రెండో ప్రపంచయుద్ధం ముగిసి, పటాలం వదిలిన సామాను అంగళ్లకు చేరిన రోజులవి. రేడియోలో ఒక స్టేషనుకూ మరొక స్టేషనుకూ నడుమ కూసే కూతను విని అందరూ చెవులు మూసుకుంటే, ఆచారి చెవి ఒగ్గాడు. చెయ్యి దగ్గరకు తెస్తే ఆ కూత మారుతున్నదని గమనించాడు. గాలిలో జారిపోయే స్వరానికి దారిగా ఒక తీగ కట్టాడు. కుడిచేతి వేలు తీగ మీద ఎక్కడ ఆనితే అక్కడి స్వరం. ఎడమచేతి కింది మీటను ఎంత నొక్కితే అంత గొంతు. నావంటివి సముద్రాలకు అవతల అప్పటికే పుట్టి పెద్ద పెద్ద సభలలో పాడుతున్నాయని అతనికి ఏ పత్రికా చెప్పలేదు.

నన్ను చేయగలిగాడు గాని పలికించలేకపోయాడు. అతని వేలి కింద నేను తోక తొక్కిన కుక్కలా అరిచాను. ఎదురింటివాళ్లు వచ్చి, "ఆచారిగారూ, కొట్లో ఎవర్ని చంపుతున్నారండీ?" అని అడిగారు.

అప్పుడు తెర వెనకనుంచి అతని చెల్లెలు వచ్చింది. "లే అన్నయ్యా. దాన్ని ఎందుకట్లా పీక్కుతింటావు?" అంటూ నా ముందు కూర్చుంది. తంతుల మీద కొయ్యముక్క జార్చి వాయించే గోటువాద్యం నేర్చిన చెయ్యి అది. మెట్లు లేని తీగ మీద తడుముకోకుండా నడవడం ఆ చేతికి అలవాటు. ఆమె పేరు ఇప్పుడే చెప్పను. నా కోపమంతా ఆ పేరు గురించే.

నేను మంచి వాద్యాన్నని గొప్పలు పోను. వాల్వులు వేడెక్కినకొద్దీ నా శ్రుతి జారేది. ఆ జారుడు వినేవారికి తెలియకుండా ఆమె వేలు వెంటవెంటనే సర్దుకునేది. నేను తప్పిన ప్రతిచోటా ఆమె నిలబెట్టింది. కాంభోజిలో నేను ఏడ్చానంటే ఆ ఏడుపు ఆమెది, నవ్వానంటే ఆ నవ్వు ఆమెది. నాది కరెంటు మాత్రమే.

అయినా ఊరు నన్నే పొగిడింది. నాకు 'కరెంటు వీణ' అని పేరు పెట్టి, ఆమెను 'కరెంటమ్మా' అని పిలిచింది. దసరాకు బెజవాడ సభవారు మమ్మల్ని రప్పించారు. కచేరీకి ముందు సభాధ్యక్షులు స్వయంగా నాకు పూలమాల వేసి, ఆయుధపూజ కదా అని తీగ పొడుగునా పసుపు కుంకుమలు పులిమారు. అలా పులిమితే తీగ పలకదని ఆయనకెవరు చెబుతారు? పాడబోయేసరికి బరబరమన్నాను. ఆమె కొంగుతో తీగ తుడుస్తుంటే వెనక వరసలోనుంచి ఒక గొంతు, "ఆపరేటరమ్మకి మిషను తిప్పడం చాతకాలేదు" అంది.

మృదంగం వాయించవలసిన పెద్దాయన అలిగి మొహం తిప్పుకున్నాడు. "పెట్టెకు నేను వాయించనండీ. నా ఎదురుగా మనిషుండాలి."

"ఉన్నాను కదండీ, బాబాయిగారూ," అన్నది ఆమె.

ఆయన తలెత్తి చూసి, మృదంగం ముందుకు లాక్కున్నాడు. ఆ పూట మేము బాగా పాడాం. చివర శాలువా తెచ్చారు. తెచ్చి నాకు కప్పారు. "మిషను బ్రహ్మాండంగా పాడిందండీ," అన్నారు అధ్యక్షులు. భోజనాల దగ్గర విద్వాంసులకు ఒక బంతి, మైకుసెట్టు వాళ్లకు మరో బంతి వేశారు. ఆమె విస్తరి రెండో బంతిలో పడింది. నాకు కప్పిన శాలువా అప్పుడు నా ఒంటి మీద నిప్పులా ఉంది.

తరువాత రేడియోవారి పిలుపు వచ్చింది. ఇంట్లో ఏనాడూ ఏదీ అడగని మనిషి ఒక్క మాట అడిగింది. "అన్నయ్యా, కచేరీ అయ్యాక పేర్లు చదువుతారే, నా పేరు కూడా చదువుతారా?"

"చదవక? వాయించేది నువ్వైతే ఎవరి పేరు చదువుతారమ్మా?" అన్నాడు ఆచారి.

స్టూడియోలో అధికారికి చెల్లెలి పేరు చెప్పబోయాడు. అధికారి నవ్వాడు. "గ్రామఫోను ప్లేటు వేసేవాడి పేరు చెబుతామటయ్యా? ఇదీ అంతే. మిషను పేరు చదువుతాంలే."

ఆచారి నా తీగ బిగించి పక్కకు తప్పుకున్నాడు. ఆమె వచ్చి నా ముందు కూర్చుంది. వేలు తీగ మీద ఆనించింది. ఊరూరా వింటున్న ఆ కాంభోజి వంటిది నేను మళ్లీ ఎన్నడూ పలకలేదు. ముగియగానే ప్రకటన చేసే ఆయన వయొలిన్ ఆయన పేరు చదివాడు, మృదంగం ఆయన పేరు చదివాడు. "ప్రధాన వాద్యం, విద్యుత్ యంత్రం," అని ఊరుకున్నాడు.

మైకు ఇంకా తెరిచే ఉంది. ఆమె ముందుకు వంగింది. "వాయించింది మిషను కాదండీ. వాయించింది..."

స్టూడియో అద్దం వెనక అధికారి చెయ్యి చటుక్కున మైకు మీట నొక్కేసింది. ఆమె పేరు చెప్పనే చెప్పింది. స్టూడియోలో మేమందరం విన్నాం. నేల నాలుగు చెరగులా విన్నవారెవరూ లేరు. నాకు నోరుంది, మాట లేదు. ఉంటే ఆ పేరు ఆనాడే అరిచి ఉండేదాన్ని.

రేడియోవారు మళ్లీ పిలవలేదు. సినిమావారు పిలిచారు. పాము పడగ విప్పడానికి, దయ్యం నవ్వడానికి నేను కావాలన్నారు. వాటికి శ్రుతి అక్కరలేదు గనుక ఆమె అక్కరలేదన్నారు. ఎవడెవడో నా తీగ మీద అడ్డదిడ్డంగా గీశాడు. చిన్న చిన్న మీటల కరెంటు వాద్యాలు వచ్చాక ఆ పని కూడా పోయింది. ఆచారి పోయాక నన్నూ, రేడియోవారి దగ్గరనుంచి అతను బతిమాలి తెచ్చుకున్న టేపునూ అతని కొడుకులు ఈ మ్యూజియంలో వదిలి చేతులు దులుపుకున్నారు.

ఇవాళ బొత్తాం నొక్కింది ఒక ముసలావిడ. నా వైపు చూడకుండా, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. వింటున్నంతసేపూ ఆవిడ కుడిచేతి వేలు అద్దం మీద జారుతూనే ఉంది. శ్రుతి జారే చోటికి నాకన్నా ముందు చేరుతున్నది. ఆ వేలిని నేను మరచిపోగలనా?

టేపు చివర వాడుక ప్రకారం, "వాయించింది మిషను కాదండీ. వాయించింది..." అని ఆగిపోయింది.

"అక్కడితో టేపు తెగిపోయిందండి, మామ్మగారూ," అన్నది అక్కడ పనిచేసే అమ్మాయి. "అందరూ అడుగుతారు. ఆవిడెవరో మాకూ తెలీదు."

"తెగలేదమ్మా. నొక్కేశారు."

అమ్మాయి అట్టముక్కనూ అద్దం మీది వేలినీ మార్చి మార్చి చూసింది. గొంతు తగ్గించి అడిగింది. "ఏం పేరు చెప్పిందండీ ఆవిడ?"

ముసలావిడ వెనకటిలాగే కొంచెం ముందుకు వంగింది. ఈసారి అద్దం వెనక ఉన్నది నేనే, నేను ఏ మీటా నొక్కను.

"లక్కోజు భ్రమరాంబ."