ఫొటోకొచ్చిన మీసం

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా, ఆ టీవీ సౌండ్ జర తగ్గియ్యి. కొత్తపేటల మా పక్కింటి ఈరమ్మ ముచ్చట చెప్త.

ఈరమ్మ ఐదో తరగతిదాంక సదివింది. పేపరంటే పానం. కానీ ఆ ఇంట్ల పేపర్ ఆమె చేతికొచ్చేసరికి ముసలిదైపోయేది. మొదలు ఆమె పెనిమిటి అంతయ్య, ఆర్టీసీ డ్రైవర్‌గ జేసి రిటైరైనోడు, కుర్చీల కూసొని రెండు చాయలు తాగుకుంట సదివేటోడు. ఆయనెనక కొడుకు కృష్ణ. ఈరమ్మ చెయ్యి చాపితే, "ఆగవే, మీసాలున్నోళ్లం సదవనియ్యి. నీకేం తొందర, అసెంబ్లీకి పోయేదున్నదా?" అనేటోడు అంతయ్య. ఇగ ఆడోళ్ల పేజీనైతే ఎవ్వరూ ముట్టరు, అది సీదా వంటింటి అరల్లకే. డబ్బాల కింద పరిచేది గూడ ఈరమ్మనే, గని పరిచేటప్పుడు సదివే తీరికేడిది? పోపుడబ్బా జరిపితే సగం కథ, పప్పుడబ్బా జరిపితే ఇంకో సగం. ఏ కథల ఎవల మొగుడు మంచోడైండో, డబ్బా లేపితేగాని ఆమెకు తెల్వదు. ఏండ్లకేండ్లు గట్లనే సదివింది.

ఎదురింటి సింధూర ఆంధ్ర పిల్ల. ఒకనాడు, "పిన్నిగారూ, మీకు తెలిసిన చిట్కా ఒకటి చెప్పండి, పేపరుకి పంపిద్దాం" అని ఫోన్‌ల రాసుకొని, ఫొటో గూడ తీసి పంపింది. ఈరమ్మ ఇంట్ల చెప్పలె. చెప్తే నవ్వుతరు గద.

ఆదివారం పొద్దుగాల సింధూర బాల్కనీలకెల్లి కేకేసింది. "పిన్నిగారూ! ఆడవాళ్ల పేజీలో మీ ఫొటో పడిందండీ!"

ఈరమ్మ పిండి చేతులతోనే ఉరికొచ్చింది. ఏదీ ఆ పేజీ? అంతయ్య ముందల నేల మీద పరిచి ఉన్నది. చంపాపేట్‌ల పెండ్లికి పోవాలె, మీసానికి రంగేసుకుంటున్నడు. ఆయన మోకాళ్ల నడుమ ఈరమ్మ ఫొటో. దాని ముక్కు కింద రంగు కారి, నిండు మీసం!

"గీమె నువ్వానే?" అని అంతయ్య ఉలిక్కిపడ్డడు. బ్రష్ జారి చెంప మీద చెవిదాంక నల్లటి గీత పడ్డది. సబ్బేసి రుద్దిండు, పీచేసి రుద్దిండు. పోలె. "ఇదెట్ల పోతదే? పెండ్లికెట్ల పోవాలె?"

ఈరమ్మకు మొదలు ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగినంక ఒక్కసారి పేరు అచ్చయితే గిట్లనా అని. మల్లొకసారి ఫొటో దిక్కు చూసింది. నవ్వొచ్చింది. పేజీ లేపి దులుపుకొని, పోయి అంతయ్య కుర్చీల కూసున్నది. అద్దాలు పెట్టుకున్నది.

"మీసం రంగు చర్మానికంటితే ఎట్ల పోతదో, గా చిట్కానే రాసిన. ఆగు, మీసాలున్నోళ్లం సదవనియ్యి. అందాక చాయ పెట్టు."

చాపత్తి ఏడున్నదో తెల్వక అంతయ్య డబ్బాలన్ని లేపిండు. పప్పుడబ్బా కాడ చాలసేపు వంగి నిలవడ్డడు. "ఏమే, ఈ కథ మిగతాది ఏడున్నదే?"

"పోపుడబ్బా కింద" అన్నది ఈరమ్మ, పేపర్ల తల లేపకుంట.

యాదుంచుకో బిడ్డా. రేపు నీ చేతిలకెల్లి ఎవలన్న పేపర్ గుంజుకుంటే, కొట్లాడకు. కూసోపెట్టి గీ ముచ్చట చెప్పు.